ఆయిల్ ప్రెజర్ కోడ్ వచ్చింది: తప్పు సెన్సర్‌దా, వైరుదా, ఇంజన్‌దా?

ఆయిల్ ప్రెజర్ లోపం కోడ్ కనపడగానే చాలా చోట్ల జరిగే మొదటి పని కొత్త సెన్సర్ తెచ్చి బిగించడం. కోడ్ పోతే సరే. పోకపోతే ఇంకో సెన్సర్, అదీ కాకపోతే ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మీద అనుమానం. కానీ కోడ్ "సెన్సర్ పోయింది" అని ఎప్పుడూ చెప్పదు. "ఈ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సినట్టు లేదు" అనో, "ప్రెజర్ తక్కువగా ఉంది" అనో మాత్రమే చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని కనెక్టర్, హార్నెస్ (కట్టగా కట్టిన వైరింగ్) వైర్లు, మధ్యలో జాయింట్లు, ఈసీఎం పిన్నులు, ఎర్తింగ్ అన్నీ కలిపి. ఎక్స్‌కవేటర్, డోజర్, లోడర్ లాంటి యంత్రాల్లో కుదుపు, వేడి, బురద, నీళ్లు ముందుగా దెబ్బకొట్టేది కనెక్టర్‌నీ వైరునీ. అందుకే అనుమానితుల వరుసలో సెన్సర్‌ని చివర్న నిలబెట్టండి.

చేతిలో ఉండాల్సినవి

యంత్రాన్ని చదునైన నేల మీద ఆపి, బకెట్ లేదా బ్లేడ్ కిందికి దించి, పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకో ట్రాకులకో దిమ్మెలు పెట్టాకే పని మొదలుపెట్టండి. కొన్ని పరీక్షలు ఇంజన్ నడుస్తుండగా చేయాలి కాబట్టి మీటర్ లీడ్లు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండాలి.

10 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న డిజిటల్ మల్టీమీటర్ తీసుకోండి, అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగుల్ని పట్టి ఉంచే మిన్/మాక్స్ బటన్ ఉంటే ఇంకా మంచిది. 0–10 బార్ మెకానికల్ గేజ్, దానికి తగిన అడాప్టర్లు, కనెక్టర్ వెనక నుంచి దూర్చే సన్నని ప్రోబ్ పిన్నులు, కోడ్‌లు చదివే సర్వీస్ టూల్, ఆ ఇంజన్ సీరియల్ నంబర్‌కి సరిపోయే వైరింగ్ డయాగ్రమ్ కావాలి. డయాగ్రమ్ లేకుండా పిన్నుల్ని ఊహించి పనిచేయకండి. ఒకే ఇంజన్‌కి రెండు వేర్వేరు పిన్ వరుసలు ఉండే సందర్భాలున్నాయి.

బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్‌ని ఈ సర్క్యూట్ దగ్గరికి తేవద్దు. సెన్సర్ తీసుకునే కరెంట్ కొన్ని మిల్లీఆంపియర్లే. బల్బు అంతకు ఎన్నో రెట్లు లాగి ఈసీఎంలోని 5 వోల్టుల సప్లైని కిందికి లాగేస్తుంది.

ముందు ఏ రకం సెన్సరో తేల్చుకోండి

మూడు రకాలు ఎదురవుతాయి. మూడింటికీ పరీక్ష వేరు.

ఒక వైరు ఉంటే అది ఎక్కువగా ప్రెజర్ స్విచ్. ప్రెజర్ లేనప్పుడు లోపలి కాంటాక్ట్ బాడీకి ఎర్త్ అయి ల్యాంప్ వెలుగుతుంది, ప్రెజర్ ఎక్కగానే తెరుచుకుని ఆరిపోతుంది. కీ ఆన్ చేసి వైరు పీకితే ల్యాంప్ ఆరాలి, వైరును బాడీకి తాకిస్తే వెలగాలి. పీకినా వెలుగుతూనే ఉందంటే ఆ వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. తాకించినా వెలగకపోతే వైరు తెగింది, లేదా బల్బు పోయింది. కొన్ని యంత్రాల్లో స్విచ్ దీనికి తలకిందులుగా ఉంటుంది, కాబట్టి ముందు డయాగ్రమ్ చూడండి. ఈ స్విచ్‌కి ఎర్త్ దాని మరలోంచే అందాలి. మర మీద టెఫ్లాన్ టేప్ దండిగా చుట్టి బిగిస్తే ఎర్త్ సరిగా అందక ల్యాంప్ మూగబోతుంది. ప్రెజర్ పడిపోయినా ఇక హెచ్చరిక రాదు.

రెండోది రెసిస్టెన్స్ సెండర్. ప్రెజర్ మారితే దాని ఓమ్‌లు మారతాయి. వీటిలో రెండు కుటుంబాలు వాడుకలో ఉన్నాయి: 0 బార్ దగ్గర సుమారు 10 ఓమ్‌లు, పూర్తి స్కేల్‌లో సుమారు 180 ఓమ్‌లు ఉండేది ఒకటి. 0 దగ్గర 240, పూర్తి స్కేల్‌లో 33 ఉండేది రెండోది. వైరు తెగితే మొదటి రకంలో ముల్లు పైకెక్కి కూర్చుంటుంది, రెండో రకంలో సున్నాకి పడిపోతుంది. సెండర్ మార్చాక ముల్లు ఉల్టాగా నడుస్తోందంటే ఒక కుటుంబం గేజ్‌కి ఇంకో కుటుంబం సెండర్ తగిలించారన్నమాట.

మూడోది, ఎలక్ట్రానిక్ ఇంజన్లలో ఉండే మూడు వైర్ల సెన్సర్. ఒక వైరు 5 వోల్టుల సప్లై, ఒకటి రిటర్న్ ఎర్త్, ఒకటి సిగ్నల్. ప్రెజర్ లేనప్పుడు సిగ్నల్ సుమారు 0.5 వోల్టులు, పూర్తి స్కేల్‌లో సుమారు 4.5 వోల్టులు. కొన్ని పాత ఇంజన్లలో 8 వోల్టుల సప్లైతో పల్స్ సిగ్నల్ ఇచ్చే సెన్సర్లూ ఉన్నాయి. వాటికి కింది అంకెలు వర్తించవు. ఇకపై చెప్పేదంతా ఈ 5 వోల్టుల మూడు వైర్ల సెన్సర్ గురించే.

నిజంగానే ప్రెజర్ పడిపోయిందా?

ఈ ప్రశ్నకి జవాబు దొరకకుండా వైరింగ్ జోలికి వెళ్లకండి. "సెన్సర్ తప్పు చూపిస్తోందిలే" అనుకుని ఇంజన్ నడిపితే కొద్ది నిమిషాల్లో బేరింగులు, ఆ వెనకే క్రాంక్ పోతాయి.

ముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తోందా చూడండి. తర్వాత ఆయిల్ గ్యాలరీకి (ఇంజన్ లోపల ఆయిల్ పారే ప్రధాన దారికి) ఉన్న టెస్ట్ పోర్ట్‌లో మెకానికల్ గేజ్ బిగించండి. పోర్ట్ లేకపోతే సెన్సర్ తీసి ఆ రంధ్రంలో టీ అడాప్టర్ పెట్టి, ఒక వైపు సెన్సర్, ఇంకో వైపు గేజ్ బిగిస్తే రెండింటినీ ఒకేసారి పోల్చి చూడొచ్చు. మర కొలత సరిచూసుకోండి: ఎం10×1, ఎం12×1.5, ఎం14×1.5, 1/8 ఎన్‌పీటీ అన్నీ కనిపిస్తాయి. మొదటి రెండు చుట్లు చేత్తో తిరగకపోతే స్పానర్‌తో బలవంతం చేయకండి. బ్లాక్‌లో మర పోతే ఆ రిపేరు సెన్సర్ రిపేరుకంటే చాలా పెద్దది.

ఆయిల్ బాగా వేడెక్కాక, అంటే 80 డిగ్రీల సెల్సియస్ దాటాక చూడండి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి అరిగిపోయిన ఇంజన్‌లోనూ మంచి ప్రెజర్ చూపిస్తుంది. చాలా డీజిల్ ఇంజన్లలో వేడి మీద ఐడిల్‌లో కనీసం 0.7 నుంచి 1 బార్, పూర్తి స్పీడ్‌లో 2.5 నుంచి 5 బార్ మధ్య ఉంటుంది. అసలు హద్దు మాత్రం మీ ఇంజన్ మాన్యువల్‌లోదే. గేజ్ కూడా తక్కువే చూపిస్తే వెంటనే ఇంజన్ ఆపండి. ఇది కరెంటు లోపం కాదు. ఆయిల్ పంపు, రిలీఫ్ వాల్వ్, సక్షన్ పైపు, బేరింగులు చూడాలి.

గేజ్ బాగానే ఉండి సర్వీస్ టూల్‌లో రీడింగ్ తప్పుగా ఉంటే లోపం సర్క్యూట్‌లో ఉంది. సర్వీస్ టూల్ కూడా సరిగానే చూపిస్తూ క్యాబిన్‌లోని డిస్‌ప్లే ఒక్కటే తప్పు చూపిస్తోందా? అప్పుడు సెన్సర్‌కీ దాని వైర్లకీ ఏ పాపం లేదు. ఈసీఎం నుంచి డిస్‌ప్లేకి విలువ జె1939 (భారీ యంత్రాల్లోని కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) క్యాన్ లైన్ మీద వెళ్తుంది, కాబట్టి డిస్‌ప్లేనో ఆ లైన్‌నో చూడాలి. కరెంట్ పూర్తిగా ఆపేసి క్యాన్ హై, క్యాన్ లో అనే రెండు వైర్ల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైన్ రెండు చివర్లా ఉండే రెసిస్టర్లలో ఒకదాని దారి తెగినట్టు.

కోడ్‌ని చదవడం

జె1939 ప్రకారం ఇంజన్ ఆయిల్ ప్రెజర్‌కి నంబర్ ఎస్‌పీఎన్ 100 (ఏ కొలతకి సంబంధించిన కోడో ఎస్‌పీఎన్ చెబుతుంది). దాని పక్కన ఉండే, లోపం ఏ రకమో చెప్పే ఎఫ్‌ఎంఐ అంకెలోనే అసలు విషయం ఉంటుంది.

- ఎఫ్‌ఎంఐ 3: సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ.
- ఎఫ్‌ఎంఐ 4: సిగ్నల్ వోల్టేజ్ తక్కువ, లేదా ఎర్త్‌కి షార్ట్.
- ఎఫ్‌ఎంఐ 2: విలువ నిలకడగా లేదు, లేదా నమ్మదగినట్టు లేదు.
- ఎఫ్‌ఎంఐ 1, 17, 18: సర్క్యూట్ బాగానే ఉంది, ప్రెజరే తక్కువని ఈసీఎం నమ్ముతోంది. తీవ్రతలో 17 తక్కువ, 18 మధ్యస్థం, 1 అన్నిటికంటే ఎక్కువ.

కమిన్స్ ఇంజన్లలో ఇదే విషయం కోడ్ 135 (వోల్టేజ్ ఎక్కువ), 141 (వోల్టేజ్ తక్కువ) రూపంలో వస్తుంది. 143, 415 వస్తే అవి ప్రెజర్ తగ్గిందనే హెచ్చరికలు, వాటిలో 415 తీవ్రమైనది.

ఎఫ్‌ఎంఐ 3 విషయంలో చాలామంది తికమకపడతారు. వైరు తెగితే వోల్టేజ్ తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ చాలా ఈసీఎంల లోపల సిగ్నల్ పిన్నుకి ఒక పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది. సెన్సర్ నుంచి సిగ్నల్ రాకపోతే ఆ రెసిస్టర్ పిన్నుని పైకి లాగేస్తుంది, ఈసీఎం దాన్ని "వోల్టేజ్ ఎక్కువ" అని చదువుతుంది. కాబట్టి సిగ్నల్ వైరు తెగినా, రిటర్న్ ఎర్త్ తెగినా, కనెక్టర్ ఊడినా వచ్చేది 3. పిన్నుని కిందికి లాగే పుల్-డౌన్ రెసిస్టర్ ఉన్న ఈసీఎంలలో మాత్రం తెగిన సిగ్నల్ వైరుకి 4 వస్తుంది.

కోడ్ ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా, పాతదా, ఎన్నిసార్లు వచ్చింది, మొదట ఏ గంటల రీడింగ్ దగ్గర వచ్చింది, అన్నీ రాసుకోకముందే చెరిపేయకండి. పక్కన ఇంకేం కోడ్‌లున్నాయో కూడా చూడండి. ఎస్‌పీఎన్ 3509, 3510, 3511 సెన్సర్ సప్లై వోల్టేజ్‌కి చెందినవి. బూస్ట్ ప్రెజర్, ఫ్యూయల్ ప్రెజర్, ఆయిల్ ప్రెజర్ మూడింటికీ ఒకేసారి కోడ్ వచ్చిందంటే మూడు సెన్సర్లు కలిసి పోవు. వాటిని కలిపే 5 వోల్టుల సప్లైయో రిటర్న్ ఎర్తో దెబ్బతిన్నది.

కంటితో, చేత్తో

ఇక్కడ కొన్ని నిమిషాలు ఎక్కువ గడపండి. లోపాల్లో పెద్ద భాగం ఇక్కడే దొరుకుతుంది.

కీ ఆఫ్ చేసి, ఈసీఎం పూర్తిగా నిద్రపోయే దాకా ఒకట్రెండు నిమిషాలు ఆగి, సెన్సర్ కనెక్టర్ విప్పండి. లోపల పచ్చటి పొడి ఉంటే నీళ్లు వెళ్లి రాగి తుప్పుపట్టింది. హై ప్రెజర్ వాష్ చేసిన తర్వాతే కోడ్ వచ్చిందంటే ఇదే మొదటి అనుమానం. లోపల ఆయిల్ ఉంటే సెన్సర్ లోపలి సీల్ పోయి ఇంజన్ ఆయిల్ పిన్నుల్లోంచి బయటికి వస్తోంది. అప్పుడు సెన్సర్ తప్పక మార్చాలి. కానీ పని అక్కడితో అయిపోదు. ఆయిల్ వైరు లోపలి రాగి పోగుల వెంట మెల్లగా పాకి ఈసీఎం కనెక్టర్ దాకా వెళ్లగలదు, కాబట్టి ఆ చివర కూడా విప్పి చూడండి.

టెర్మినల్ వదులైందా అన్నది కంటికి కనపడదు. అదే సైజు కొత్త మేల్ పిన్నుని ఫీమేల్ టెర్మినల్‌లోకి దూర్చి తీయండి. బిగువుగా పట్టుకోవాలి. జారుడుగా ఉంటే దాని నోరు తెరుచుకుంది. ఇలా తెరిచేది చాలాసార్లు మనమే, మీటర్ లావు ప్రోబ్‌ని ముందు నుంచి కుక్కి. తర్వాత ఒక్కో వైరునీ సుమారు 4.5 కిలోల బలంతో, అంటే దాదాపు 45 న్యూటన్లతో లాగండి. టెర్మినల్ కనెక్టర్‌లోంచి గానీ, వైరు క్రింప్‌లోంచి (టెర్మినల్‌కి నొక్కి బిగించిన చోటు నుంచి) గానీ ఊడి రాకూడదు.

ఆ తర్వాత హార్నెస్ వెంట చెయ్యి పోనివ్వండి. క్లాంపుల కింద, బ్రాకెట్ మూలల దగ్గర, టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన, స్టార్టర్ లావు కేబుల్‌తో కలిసి వెళ్లే చోట వైరు పై తొడుగు ఒరిసిందా, మాడిందా చూడండి.

అసలు పరీక్ష: మీటర్‌తో మూడు అడుగులు

*ఒకటి, సప్లై.* కనెక్టర్ విప్పి, కీ ఆన్ చేసి, ఇంజన్ నడపకుండా, హార్నెస్ వైపు సప్లై పిన్నుకీ రిటర్న్ పిన్నుకీ మధ్య కొలవండి. 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే మీటర్ నల్ల లీడుని బ్యాటరీ నెగెటివ్‌కి మార్చి మళ్లీ కొలవండి. ఇప్పుడు 5 వస్తే సప్లై బాగుంది, రిటర్న్ వైరు తెగింది. ఇప్పుడూ రాకపోతే సప్లై వైరు తెగి ఉండాలి, లేదా అదే సప్లైని పంచుకునే ఇంకో సెన్సర్ షార్ట్ అయి అందరినీ కిందికి లాగుతుండాలి. ఆ సెన్సర్లని ఒక్కొక్కటిగా పీకుతూ మీటర్ చూడండి. ఏది పీకగానే 5 తిరిగి లేచిందో దొంగ అదే.

*రెండు, జంపర్ పరీక్ష.* ఈ మొత్తం మార్గంలో ఇంతకంటే విలువైన పరీక్ష లేదు. కనెక్టర్ విప్పి ఉండగానే సర్వీస్ టూల్‌లో కోడ్ చూడండి. పుల్-అప్ ఉన్న ఈసీఎంలో ఎఫ్‌ఎంఐ 3 యాక్టివ్‌గా ఉండాలి. ఇప్పుడు హార్నెస్ వైపు సిగ్నల్ పిన్నునీ రిటర్న్ పిన్నునీ చిన్న జంపర్ వైరుతో కలపండి. కోడ్ 4కి మారాలి. జంపర్ తీస్తే మళ్లీ 3 రావాలి. ఇలా రెండు వైపులా మారితే ఈసీఎం, సిగ్నల్ వైరు, రిటర్న్ వైరు మూడూ ఆ క్షణానికి పనిచేస్తున్నాయి. సప్లై కూడా సరిగ్గా ఉండి ఉంటే మిగిలింది సెన్సర్, దాని కనెక్టర్ పట్టు.

జంపర్ పెట్టినా 3 అలాగే ఉందా? సిగ్నల్ వైరో రిటర్నో ఎక్కడో తెగింది, లేదా సిగ్నల్ వైరు ఇంకో లైవ్ వైరుకి తగులుతోంది. సిగ్నల్ పిన్ను మీద 24 వోల్టులు కనిపిస్తే ఆ రెండోదే కారణం. కనెక్టర్ విప్పగానే 3 రావాల్సింది పోయి 4 అలాగే ఉందా? సిగ్నల్ వైరు ఎర్త్‌కి తగిలింది. పుల్-డౌన్ ఈసీఎం అయితే విప్పినప్పుడు 4 రావడం సహజం. అక్కడ సప్లై నుంచి సిగ్నల్‌కి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా కలిపి, కోడ్ 3కి మారుతుందో లేదో చూడాలి. సప్లై పిన్నుని ఎర్త్‌కి గానీ, ఏ పిన్నునైనా బ్యాటరీ ప్లస్‌కి గానీ ఎప్పుడూ కలపకండి.

*మూడు, సిగ్నల్.* కనెక్టర్ తిరిగి బిగించి, వెనక నుంచి ప్రోబ్ పిన్ను దూర్చి సిగ్నల్, రిటర్న్ మధ్య కొలవండి. వైరు తొడుగుకి గుచ్చి కొలవకండి, ఆ రంధ్రంలోంచే తర్వాత నీరు దిగుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 0.5 వోల్టులు రావాలి. 0–10 బార్ సెన్సర్‌లో ప్రతి బార్‌కీ 0.4 వోల్టులు పెరుగుతాయి: 1 బార్‌కి 0.9, 3 బార్‌కి 1.7, 5 బార్‌కి 2.5. మీ సెన్సర్ స్కేల్ వేరైతే 4 వోల్టులని ఆ స్కేల్‌తో భాగించుకోండి. మెకానికల్ గేజ్ 3 బార్ చూపిస్తుండగా సప్లై సరిగ్గా 5 ఉండి, సిగ్నల్ 1.1 దగ్గర ఆగిపోయిందంటే ఇక మొహమాటం లేకుండా సెన్సర్ మార్చేయొచ్చు.

సెన్సర్‌ని విప్పి దాని పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిచే అలవాటు ఉంటే మానేయండి. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్న సెన్సర్‌కి ఆ అంకెతో మంచీ చెడూ తేలదు.

బజర్ మోగింది కదా అని నమ్మితే

కోడ్ రాదు, రీడింగ్ మాత్రం కొంచెం తప్పు. ఇది మోసకారి లోపం. రిటర్న్ పిన్ను తుప్పుపట్టి 20 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. సెన్సర్ 10 మిల్లీఆంపియర్లు తీసుకుంటే ఆ అడ్డు మీద 0.2 వోల్టులు నిలుస్తాయి. సెన్సర్ ఎర్త్ అంత మేర పైకి లేస్తుంది. ఇంజన్ ఆగి ఉన్నా సిగ్నల్ 0.5 బదులు 0.68 అవుతుంది, డిస్‌ప్లేలో దాదాపు అర బార్ కనిపిస్తుంది. వేడి మీద ఐడిల్‌లో అసలు ప్రెజర్ హద్దు కంటే దిగినా ఈసీఎం కళ్లకి బాగున్నట్టే ఉంటుంది. కీ ఆన్ చేసి ఇంజన్ నడపని స్థితిలో ప్రెజర్ సున్నా చూపిస్తోందా అన్నది ఒక్క క్షణం చూస్తే ఈ లోపం పట్టుబడుతుంది.

సప్లై వైపు అడ్డు ఉంటే ఫలితం తలకిందులు. సెన్సర్ దగ్గర 5 బదులు 4.6 వోల్టులే అందితే అసలు 3 బార్ ఉన్నప్పుడు 2.7 దగ్గర చూపిస్తుంది.

కంటిన్యుటీ బజర్ చాలా మీటర్లలో కొన్ని పదుల ఓమ్‌ల వరకు మోగుతూనే ఉంటుంది. కాబట్టి చెవితో కాదు, అంకె చూసి నిర్ణయించండి. బ్యాటరీ ఐసోలేటర్ ఆపి, వైరు రెండు చివర్లా కనెక్టర్లు విప్పి కొలవండి. వైరు ఒక్కింటికి 5 ఓమ్‌ల లోపు రావాలి. వైరుకీ వైరుకీ మధ్య, వైరుకీ బాడీకీ మధ్య 100 కిలోఓమ్‌లకి పైనే ఉండాలి.

వచ్చి పోయే లోపం

మీటర్‌ని మిన్/మాక్స్‌లో పెట్టి, సిగ్నల్ కొలుస్తూ, హార్నెస్‌ని జానెడు చొప్పున వంచుతూ, మెలితిప్పుతూ, కనెక్టర్‌ని తడుతూ వెళ్లండి. ఏ చోట అంకె దూకిందో అక్కడ తొడుగు విప్పండి. వేడి మీదే వచ్చే లోపమైతే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హీట్ గన్‌తో సెన్సర్‌ని, కనెక్టర్‌ని మెల్లగా వేడి చేసి చూడండి. లోడ్ పడినప్పుడే వస్తుంటే ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ, ఈసీఎం ఎర్త్ బోల్టు చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఈసీఎం ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.2 వోల్టులకి మించి ఉంటే ఆ దారి శుభ్రం చేయాలి.

యంత్రం మీద ఈమధ్యే వెల్డింగ్ జరిగిందేమో అడగండి. బ్యాటరీ కేబుల్, ఈసీఎం కనెక్టర్లు విప్పకుండా వెల్డింగ్ చేస్తే కరెంట్ దొరికిన దారల్లా వెతుక్కుంటుంది, ఆ దారిలో సెన్సర్ ఎర్త్ ఉంటే అదీ కాలుతుంది.

ఈసీఎంని తప్పుపట్టే ముందు ఇంకో మాట. దాని కనెక్టర్ దగ్గరే సెన్సర్ సప్లై, సిగ్నల్, రిటర్న్ పిన్నులు హార్నెస్ నుంచి తీసి వేరు చేయండి. ఈసీఎంకి బ్యాటరీ కరెంట్, ఎర్త్ సరిగా అందుతున్నా సప్లై పిన్నులో 5 వోల్టులు రాకపోతేనే, లేదా జంపర్ పరీక్ష ఆ పిన్నుల దగ్గరే విఫలమైతేనే ఈసీఎం మాట ఎత్తాలి.

రిపేరు, ఆ తర్వాత

తెగిన వైరుని మెలిపెట్టి టేపు చుట్టడం ఇంజన్ మీద పనికిరాదు. అదే మందం వైరుతో, సరైన క్రింపింగ్ టూల్‌తో, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి అతకండి. మూడు వైర్లూ అతకాల్సి వస్తే జాయింట్లు ఒకదాని పక్కన ఒకటి పడకుండా అంచెలంచెలుగా పెట్టండి, కనెక్టర్‌కి మరీ దగ్గరగా వద్దు. సీల్డ్ కనెక్టర్ నిండా గ్రీజు కుక్కకండి. గ్రీజు వల్ల లోపల చిక్కుకున్న గాలి సీల్‌ని బయటికి నెడుతుంది. సీల్ చిరిగినా, ఖాళీ రంధ్రంలో ప్లగ్ లేకపోయినా కొత్తవి వేయండి.

సెన్సర్ మారుస్తుంటే పార్ట్ నంబర్ సరిచూడండి. ఒకే మర, ఒకే కనెక్టర్ ఉండి స్కేల్ మాత్రం వేరైన సెన్సర్లు ఉంటాయి. బిగుస్తుంది, పనిచేస్తుంది, రీడింగ్ తప్పు చూపిస్తుంది. ఓ-రింగ్ ఉన్న సెన్సర్‌కి మర మీద టేపు గానీ సీలెంట్ గానీ అవసరం లేదు. ఓ-రింగ్‌కి కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, మాన్యువల్‌లోని టార్క్‌కే బిగించండి. సాకెట్ షట్కోణం మీద సరిగ్గా కూర్చోవాలి. ప్లాస్టిక్ భాగాన్ని పట్టి తిప్పితే లోపల పగులుతుంది.

మెకానికల్ గేజ్‌ని ఇంకా తీయకండి. కోడ్ చెరిపి, కీ ఆన్‌లో సున్నా వస్తోందా చూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక ఐడిల్‌లోనూ పూర్తి స్పీడ్‌లోనూ గేజ్, సర్వీస్ టూల్ రెండింటినీ పోల్చండి. జె1939 మీద ఆయిల్ ప్రెజర్ 4 కిలోపాస్కల్ మెట్లలో వస్తుంది కాబట్టి చిన్న తేడా సహజం. అర బార్ తేడా మాత్రం కాదు. తర్వాత గేజ్ తీసి, టెస్ట్ పోర్ట్ ప్లగ్ బిగించి, యంత్రాన్ని అరగంట అసలు పనిలో పెట్టండి. ఆపాక సెన్సర్ చుట్టూ, ప్లగ్ చుట్టూ ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూసి, కోడ్‌ల జాబితా ఇంకోసారి తెరవండి.